ముగ్గు గీతకు ఇవతల

వాన తెరిపిచ్చింది కానీ, చిన్నతాయి గీసిన ముగ్గు గీతలు రెండూ కొట్టుకుపోయాయి. పొద్దు వాలుతోంది. పత్తి షావుకారు మోటారు శివకాశి నుంచి వచ్చే వేళయింది. ముగ్గు డబ్బా పట్టుకుని ఆ పిల్ల మళ్లీ వీధిలోకి పరుగెత్తింది.

విరుదునగరంలో ఆ వీధి మరీ ఇరుకు. తిన్నె దిగితే రోడ్డే. నడిచేవాళ్లు, సైకిళ్లు, మోటారు, అన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవాలి. పోయిన నెల ఆ మోటారు కింద పడి ఆ వీధిలోనే ఉండే ముసలి బొమ్మక్క మేక చచ్చింది. చిన్నతాయి అది చూసి బెదిరిపోయిందనుకున్నారు అందరూ. మర్నాటి నుంచి సాయంకాలమయ్యేసరికి వీధి పొడవునా, ఇరువైపులా, ఇళ్లకు కాస్త ఎడంగా ముగ్గు గీత లాగేది. గీతకు ఇవతల మనుషులు, అవతల బళ్లు. ముగ్గు తొక్కడానికి ఎవరికీ మనసొప్పదు గనక సైకిళ్లవాళ్లు కూడా తప్పుకుని పోయేవారు. మునిసిపాలిటీ ఓవర్సీయరు చూసి మెచ్చుకుని, గీత వెంబడి రాళ్లు పాతిస్తానన్నాడు. ఇంకా పాతించలేదు.

"పొద్దున పెట్టే కోలం మాపున పెడతావేమే?" అంది బొమ్మక్క తిన్నె మీంచి. "బండి తోలేది మీ నాయనే గదా. నీకేం బయం?"

"బయం లేదవ్వా. పిల్లను ఎత్తుకో."

బొమ్మక్క మనవరాలు రోడ్డు నడుమ బురదలో ఆడుతోంది. ముసలిది గొణుక్కుంటూ లేచి దాన్ని ఎత్తుకుంది.

తడి నేల పిండిని మింగేస్తోంది. ఒత్తుగా పోస్తే గానీ తెలుపు తేలడం లేదు. బొమ్మక్క ఇంటి ముందుకు వచ్చేసరికి డబ్బా ఖాళీ. అంతలో రైలు గేటు వైపు హారను మోగింది. చిన్నతాయి ఇంట్లోకి ఉరికి, అమ్మ దంచి పెట్టిన బియ్యప్పిండి గిన్నెతో సహా తెచ్చి కుమ్మరించింది. సైకిలు మీద వస్తున్న సుబ్బురాజ్‌ను దిగి గోడవార నిలబడమంది.

"నల్లసామి మామ బండికి నన్ను దిగమంటావా?" అని నవ్వబోయాడు అతను. ఆ పిల్ల మొహం చూసి దిగి గోడవారకు జరిగాడు.

మోటారు మలుపు తిరిగింది. దీపాల వెలుగు తడి రోడ్డు మీద పాకింది. సరిగ్గా అప్పుడే మనవరాలు అవ్వ చంక జారి గీత దాకా వెళ్లింది. చిన్నతాయి దాన్ని పట్టి వెనక్కి లాగి గుండెకు అదుముకుంది. చక్రాలు నిదానంగా, గీతను తాకకుండా, పక్కనుంచి సాగిపోయాయి.

బండి ఆగింది.

"మీ నాయన పనితనం జూడవే," అంది బొమ్మక్క. "దారం పట్టి తోలినట్టుండాది."

చిన్నతాయి పిల్లను అవ్వకిచ్చి, గబగబా ఎదురెళ్లి, బండి దిగిన తండ్రి చెయ్యి పట్టుకుంది. ఇంత ఎదిగినా నాయన చెయ్యి వదలదని వీధి అంతా నవ్వింది. ఆ పిల్ల బురద గుంటలు తప్పిస్తూ ఆయన్ను ఇంటి దాకా నడిపించింది.

పొద్దు గూకితే నాయనకు కళ్లు కనిపించవు; తెల్లటి ముగ్గు గీత ఒక్కటే ఆనుతుంది.