చెంప ఆనే పక్క

తుపాకి మడమ చేసిపెట్టమనగానే బుచ్చిరాములు చేతిలో బాడిస ఆగిపోయింది.

అడిగింది తార్నాకలో ఉండే శ్రీనివాసరావు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన ఇంటి తలుపులన్నీ బుచ్చిరాములు చేసినవే. పగిలిన పాత మడమ బల్ల మీద పెట్టి, ఇది పొడుగై భుజం కమిలిపోతోందన్నాడు. కొత్తది ఇంత చాలంటూ ఒక దారం ముక్క ఇచ్చాడు. తుపాకి ఇంట్లో ఉందట, లైసెన్సూ ఉందట.

"ఇప్పుడు గంత తొందరేంది సార్?"

"పై వారానికల్లా కావాలి రాములూ, టైం లేదు," అని నవ్వాడాయన.

ఆ నవ్వు బుచ్చిరాములుకి అస్సలు నచ్చలేదు. ఊరంతా తెలంగాణ అంటూ ఊగిపోతోంది. యూనివర్సిటీ క్యాంపస్‌లో టియర్ గ్యాస్ పేలిస్తే మాణికేశ్వర్ నగర్‌లో తన ఇంట్లో కళ్ళు మండుతున్నాయి. ఇట్లాంటప్పుడు ఆంధ్రా సారు తుపాకి బాగు చేయించుకునేది ఎవరి మీదికి? కూతురు వనజ ఆ క్యాంపస్‌లోనే చదువుతోంది మరి.

ఆ సాయంత్రం వనజ ఆలస్యంగా వచ్చి చాయ గ్లాసు అందించింది. కుడిచేత్తో ఇయ్యమని ఎన్నిసార్లు చెప్పాలని విసుక్కోబోయి ఆగాడు. పిల్ల భుజం రుద్దుకుంటోంది. అడిగితే, మీటింగ్‌కి పోయిన నాయినా, ఏం కాలే, అంది. జై తెలంగాణ అని తనే అరిచే మనిషి, మీటింగంటే ఏమంటాడు? లాఠీ దెబ్బేనని మాత్రం పోలీసులను తిట్టుకున్నాడు.

పని కాదంటే సారు ఇంకో వడ్లాయన దగ్గరికి పోతాడు. అందుకే ఒప్పుకుని చెడగొట్టాలనుకున్నాడు. సారు దారంతో కొలుస్తాడు కాబట్టి పొడుగు తను మార్చలేడు. కానీ చెంప ఆనడానికి ఒక ఉబ్బు ఉంటుంది, కుడిచేత్తో కాల్చేవాడికి అది ఎడమపక్క ఉండాలి. బుచ్చిరాములు దాన్ని శుభ్రంగా కుడిపక్కకి మార్చేశాడు. ఇగ కాల్చు సార్, చూస్త, అనుకున్నాడు.

చెయ్యి మాత్రం పాడు పని చెయ్యనని మొరాయించింది. కాచిగూడలో పాత ఇల్లు కూలిస్తే కొన్న జిట్రేగి కట్టె అది. గరుకు కాయితంతో రుద్ది, అరచేత్తో అవిసె నూనె ఎక్కించేసరికి బెల్లం పాకంలా మెరిసింది. చెడగొట్టే దానికి ఇంత సోకెందుకురా అని తనను తానే తిట్టుకుంటూ మళ్ళీ రుద్దాడు.

ఆదివారం తార్నాకకి పట్టుకెళ్ళాడు. శ్రీనివాసరావు మడమ బిగించి, తుపాకి కుడిభుజానికి పెట్టి చూసి, ఆగిపోయాడు.

"ఈ ఉబ్బు కుడిపక్క పెట్టావేం?"

బుచ్చిరాములు ఏదో ఒకటి చెప్పేలోపు ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"ఎడమచేతి వాటమని నీకెవరు చెప్పారయ్యా? చెప్పడం మర్చిపోయి నిన్నటి నుంచీ తల పట్టుకు కూర్చున్నాను."

అప్పుడు తెలిసింది. కుర్రతనంలో ఆయన రైఫిల్ పోటీల్లో మెడల్స్ కొట్టినవాడట. ఇప్పుడు క్యాంపస్ స్టూడెంటు ఒకరికి నేర్పుతున్నాడట, పై వారమే పోటీ, ఈ మడమ ఆ స్టూడెంటుకేనట. ఎంత సంతోషమైందో, బుచ్చిరాములు కండువాతో కళ్ళు తుడుచుకుని పడీ పడీ నవ్వాడు. ఇంత మంచి మనిషిని ఏమేమో అనుకున్నానే అని సిగ్గూ పడ్డాడు.

"ఇంట్లో తెలిస్తే మాన్పిస్తారని ఈ పిల్లకి ఒకటే భయం," అని శ్రీనివాసరావు లోపలికి కేకేశాడు. "రామ్మా, చేసినాయన వచ్చాడు, దణ్ణం పెట్టు."

కర్టెన్ తప్పించుకుని వనజ వచ్చింది.