రన్‌వే మీద మిరపకాయలు

ఊరికో రన్‌వే, ఇంటికో బుల్లి విమానం వచ్చిన రోజులవి. శేషారత్నానికి మాత్రం ఇంకా లైసెన్సు రాలేదు. ఎలాగైనా దించి తీరాలని మొండికేసి, రెండు పరీక్షల్లోనూ ముందు చక్రం విరగ్గొట్టింది. మూడోసారీ తప్పితే ఇక అంతే.

మూడో పరీక్షలో, వంద అడుగుల ఎత్తులో ఉండగా రన్‌వే ఎర్రగా కనిపించింది.

"దారి ఖాళీగా ఉంది. దిగవచ్చు," అంది విమానం.

పక్కనున్న పరీక్షాధికారి బషీర్ గారు ఆమె చేతుల వంకే చూస్తున్నారు.

ఎండుమిరపకాయల మీద బ్రేకు పట్టదు. కల్లంలో ట్రాక్టరు జారడం శేషారత్నం కళ్లారా చూసింది. పరీక్ష పోతే పోయిందనుకుని పవరు పెంచి, విమానాన్ని మళ్లీ పైకి లేపింది. అత్తకు ఫోను కలిపింది.

"అత్తా, రన్‌వే మీద కాయలెవరియి?"

"మనయ్యే. నువ్వు ఎట్టాగూ ఎక్కడో చక్రం ఇరగ్గొట్టి షెడ్డుకే పోతావు, ఇక్కడిదాకా రావు గదా అని ఆరబోశా."

"దిగుతున్నా. పక్కకు లాగు."

అత్త కాయలు లాగేదాకా ఊరి మీద చుట్లు కొట్టి, అప్పుడు దించింది. చక్రాలు మెత్తగా నేలను తాకాయి.

మిరప ఘాటుకు తుమ్ముతూనే బషీర్ గారు లైసెన్సు మీద సంతకం చేశారు.

"ఇప్పుడు బాగా దిగినందుకు కాదమ్మా," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "ఇందాక దిగనందుకు."