మనిషికి మనిషి

రేపల్లె బస్సులోంచి బంగ్లాదేశ్ వాడొకడు దిగాడట.

పక్కింటి మాణిక్యాంబ ఎండుచేపల దిబ్బ దగ్గర విని మోసుకొచ్చింది. నిజాంపట్నం హార్బరంతా తిరుగుతున్నాడట. తెలుగు ముక్క రాదట. చూపులు కూడా మంచివి కావట.

రిబ్కా చేతిలో పని ఆగింది.

ఆమె మొగుడు మోషే ఆ దేశం జైల్లోనే ఉన్నాడు. వేటకెళ్ళిన బోటు ఇంజను చెడి, గాలికి కొట్టుకుపోయి, సముద్రంలో సరిహద్దు దాటింది. బాపట్లలో ఏ ఆఫీసుకెళ్ళినా ఒకటే మాట: “పైన మాట్లాడుతున్నారమ్మా.”

ఆ పై సంగతులన్నీ ఐసు ఫ్యాక్టరీ దశరథరామయ్యకు తెలుసు. పొద్దస్తమానం టీవీ చూస్తాడు.

“పెద్దదేశం ఇరుగుపొరుగు చిన్నదేశాల్ని అడుక్కోదమ్మాయ్. ఉల్లిపాయలు ఆపుతుంది. వీసాలు ఆపుతుంది. వాళ్ళ మనుషుల్ని పట్టి కూర్చోబెడుతుంది. మన గుప్పెట్లో ఎంతమందుంటే అంతమంది మనవాళ్ళు తిరిగొస్తారు. మనిషికి మనిషి!”

ఆ కొత్తమనిషి నేరుగా రిబ్కా గుమ్మం ముందుకే వచ్చాడు.

“మోషే... మోషే...” అన్నాడు చేతులు జోడించి. ఏదో భాషలో గబగబా చెప్పి నవ్వాడు.

రిబ్కా అతన్ని లోపలికి పిలిచింది. కూర్చోబెట్టి అన్నం పెట్టింది. చేపల పులుసు పోసింది.

పెరటి గుమ్మంలోంచి మాణిక్యాంబ సైగ చేసింది.

“మీ ఆయన పేరు తెలుసంటే ఇంకేంటే? అక్కడివాడే!”

“ఏదన్నా కబురు తెచ్చాడేమో పిన్నీ.”

“నీకు కబురు కావాలా, మొగుడు కావాలా?”

రిబ్కా అతను తినడం చూస్తూ నిలబడింది. తర్వాత, అతను లేవకుండా, మారు వడ్డించింది.

“ఐసు ఫ్యాక్టరీ అయ్యగారికి చెప్పు,” అంది మెల్లగా.

పోలీసు జీపు వచ్చింది. అతను ఎంగిలి చేత్తోనే గుండె మీద కొట్టుకున్నాడు. “ఇండియా! ఇండియా!”

“దొరికాక అందరిదీ ఇండియానే,” అన్నాడు దశరథరామయ్య. జనం నవ్వారు.

అతను రిబ్కా వైపే చూస్తూ జీపెక్కాడు.

కొన్నాళ్ళకు రెండు దేశాలూ ఓ మాట మీదికొచ్చాయి. నడిసముద్రంలో వాళ్ళవాళ్ళను వాళ్ళకిచ్చి, మనవాళ్ళను తెచ్చుకున్నారు.

మోషే ఇల్లు చేరాడు. దశరథరామయ్య దండేశాడు. “చూశావట్రా, పెద్దదేశం దెబ్బంటే!”

మోషే జనంలో ఎవరికోసమో వెతికాడు. “నిమాయ్ రాలేదే?”

“ఎవరయ్యా?” అంది రిబ్కా.

“నాతోపాటు జైల్లో ఉన్నాడు. మన దేశంవాడే. కలకత్తా దిగువన వాళ్ళూరు. నాకు జొరమొస్తే తన కూడు నాకు పెట్టి బతికించాడు. వాళ్ళ బోటువాళ్ళను ముందే వదిలారు. మా ఊరెళ్ళి, నేను బతికే ఉన్నానని రిబ్కాకి చెప్పరా అన్నాను. ఒట్టేసి వెళ్ళాడు.”

రిబ్కా ఆ కొత్తమనిషి కూర్చుని తిన్న చోటుకేసి చూసింది.

“మొన్న సముద్రంలో, అవతలి వాళ్ళ ఓడలోకి ఎక్కిస్తున్నవాళ్ళలో ఒకడు నాకేసి చెయ్యూపాడు. అచ్చం నిమాయే. వాడక్కడెందుకుంటాడులే అనుకున్నా...”

రిబ్కా మొహం చూసి ఆగిపోయాడు.

“నేనే ఇచ్చానయ్యా,” అంది ఆమె. “అన్నం పెట్టి మరీ ఇచ్చాను.”

దశరథరామయ్య గొంతు సవరించుకున్నాడు. “ఏదో పొరపాటైందిలేరా. మన దేశం తలుచుకుంటే ఎంతసేపు? మళ్ళీ బేరమాడి తెప్పిద్దాం.”

“ఈసారి ఎవర్నిస్తారండీ?” అన్నాడు మోషే.