బెల్లం కాంటా

"నేనెక్క నాయనమ్మా!"

నవత గట్టిగానే అరిచింది. మణుగూరు బజారులో గోపయ్య బెల్లం కొట్టు ముందున్న వాళ్లంతా తిరిగి చూశారు. దూలానికి గొలుసులతో వేలాడుతోంది పెద్ద కాంటా. ఒక పళ్లెంలో బెల్లం ముద్దలు ఉన్నాయి. రెండోది ఖాళీగా ఉంది.

"ఎక్కకపోతే ఎట్లనే? నీ పానం బాగైతే నిలువెత్తు బంగారం ఇస్తనని సమ్మక్క తల్లికి మొక్కిన," అంది కన్నమ్మ. మేడారం జాతరలో మనిషి బరువుకు సరిగ్గా తూచి ఇచ్చే బెల్లాన్నే అటువైపు బంగారం అంటారు. అదే బజారులో కూరగాయలమ్మే కన్నమ్మకు మాట తిప్పడం తెలియదు, తిప్పనివ్వడమూ తెలియదు.

"వద్దు అత్తమ్మా," అంది కోడలు ఉషారాణి. "బరువు అంకె పిల్ల కంట్లె పడొద్దని డాక్టరమ్మ చెప్పింది గద!"

"కాంటకు అంకె యాడుందే? గటు బెల్లం, గిటు పిల్ల."



నవతది తిండి చూస్తే భయపడే జబ్బు. ఇంటర్ చదివే పిల్ల, బొక్కలు తేలినా అద్దం ముందు నిలబడి లావయ్యానని ఏడ్చేది. ఇంట్లో వాళ్లు ముందు దిష్టి అన్నారు, తర్వాత పొగరు అన్నారు. కొత్తగూడెం డాక్టరమ్మ ఒక్కతే జబ్బు అంది. అప్పటి నుంచి ప్రతి సోమవారం ఆస్పత్రిలో బరువు మిషన్ మీద, అంకె వైపు వీపు పెట్టి నిలబడేది నవత. అంకె తల్లికే కనబడేది. ఈ మధ్య అది పెరుగుతూ వస్తోంది. నవత గాజులు మోచేతి దాకా జారుతూనే ఉన్నా, ఉషారాణి అంకెనే నమ్మింది. పిల్లను మళ్లీ ఖమ్మం హాస్టల్‌కు పంపడానికి బట్టలు కూడా సర్దేసింది. అక్కడ పక్కన కూర్చుని తినిపించే వాళ్లెవరూ ఉండరు.

"చెప్పులు ఇడువు బిడ్డా. సెల్లు గూడ పక్కకు పెట్టు," అన్నాడు గోపయ్య. "తల్లికి మనిషి బరువే పోవాలె. దొంగ తూకమైతే మొక్కు చెల్లదు."

"చెల్లకపోతే ఏమైతది గోపయ్యా?" అమాయకంగా అడిగింది కన్నమ్మ.

"ఏమైతది అక్కా, మొక్కినోళ్ల మీదికే వస్తది."

"అంటే నా మీదికే," అంది కన్నమ్మ తాపీగా ఆకువక్క నములుతూ.

నవత ఒక కాలు పళ్లెంలో పెట్టింది. మళ్లీ తీసేసింది. నాయనమ్మ ముఖం చూసి, అక్కడే అరుగు మీద కూలబడిపోయింది. కుర్తా కింద చెయ్యి పెట్టి, తూకానికి పోదామనగానే నడుముకు కట్టుకున్న గుడ్డ సంచి విప్పింది. లోపలి నుంచి ఇనుప తూకం రాళ్లు దబదబా అరుగు మీద పడ్డాయి. కన్నమ్మ కూరగాయలు తూచే రాళ్లు.

ఉషారాణి చెయ్యి లేచింది. ఆ లేచిన చెయ్యి ఎందుకో పిల్ల తల మీదికి మెల్లగా దిగింది.

"ఆస్పత్రికి పోయిన్నాడు గూడ గిట్లనేనా?"

"అవ్ అమ్మా." నవత వెక్కివెక్కి ఏడుస్తోంది. "నువ్వు పెట్టిన అన్నం గూడ కవర్ల కట్టి పారేసిన. ఆకలైతది, గని తినాలంటే భయమైతది. హాస్టల్‌కు పోతే ఇంక అసలే తినను. నాకు ఎర్కనే. నన్ను పంపకు అమ్మా!"

ఉషారాణి డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"తిట్టకండి," అంది డాక్టరమ్మ అంతా విని. "ఆ అబద్ధం ఆడించింది జబ్బు. ఇవాళ నిజం చెప్పింది మీ అమ్మాయి. ఇప్పుడే తీసుకురండి, అవసరమైతే కొన్నాళ్లు ఇక్కడే ఉంచి చూసుకుందాం. మంచి సమయానికి తెలిసింది."

మంచి సమయానికే తెలిసింది. ఉషారాణికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కూతురి బరువు పెరగలేదని తెలిసి అంత నిమ్మళపడ్డ తల్లి ఆ బజారులో ఇంకొకరు ఉండరు.

బస్సుకు ఇంకా టైముంది. కన్నమ్మ సంచిలోంచి ఇడ్లీ డబ్బా తీసి నవత ముందు పెట్టింది. నవత ఒక చేత్తో తల్లి చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, చిన్న ముక్క నోట్లో పెట్టుకుంది. తర్వాత ఇంకో ముక్క. ఎవరూ ఆమె నోటి వైపు చూడలేదు. గోపయ్య అయితే బెల్లం మీద లేని ఈగలను కూడా తోలుతున్నాడు.

డబ్బాలో సగం అయ్యాక ఉషారాణికి కొత్త భయం పట్టుకుంది.

"అత్తమ్మా, మొక్కు నడుమల్నే ఆగిపాయె. తల్లికి కోపం రాదా?"

కన్నమ్మ తన తూకం రాళ్లను కొంగుతో తుడిచి ఒక్కొక్కటే సంచిలో వేసుకుంటోంది.

"సోమారం వస్తే నా రాళ్లు దొరకయ్. పొద్దుగూకితే మళ్ల గంపలనే ఉంటయ్. ఇంట్ల అడిగితే నీ బిడ్డ ఒప్పుకుంటదానే?"

నవత చేతిలోని ఇడ్లీ ముక్క నోటి దగ్గరే ఆగింది.

కన్నమ్మ కాంటా దగ్గరికి నడిచి, బెల్లం మీద చెయ్యి వేసి కళ్లకద్దుకుంది.

"తల్లికి కోపమెందుకే? నేనింకా మొక్కనే లేదు. ఇగో, ఇప్పుడు మొక్కుతున్న."