నలభయ్యొకటో పేజీ

లేఖకులలో ప్రథముడు, విఘ్నాలను తొలగించేవాడు అయిన గజాననునికి నమస్కరించి, ఒక అచ్చుగదిలో జరిగిన కథ చెబుతున్నాను.

నలభయ్యొకటో పేజీ దగ్గర కంప్యూటర్ తెర మళ్ళీ తెల్లబోయింది.

"ఇది తొమ్మిదోసారి!" అని నెత్తి కొట్టుకుంది పేజీలు కూర్చే ఆమె. "మీ సాఫ్ట్‌వేర్‌కి నామీద ఏదో పగుంది సార్."

ఆ సాఫ్ట్‌వేర్‌ను రాసిన ఇంజనీరు తెర ముందుకు కుర్చీ లాక్కున్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ అతని ఆరేళ్ళ శ్రమ. ఇంకా బీటా దశ దాటలేదు. పరీక్షకు ఒప్పుకున్న అయిదు ప్రెస్సులలో నాలుగు తిప్పి పంపేశాయి. సాయంత్రం నాలుగయ్యేలోపు ఈ పుస్తకం అచ్చుకు వెళ్ళకపోతే అయిదోదీ అంతే. ఆరేళ్ళూ మట్టికొట్టుకుపోతాయి.

గడియారం రెండున్నర చూపుతోంది.

ఫాంట్లు మార్చి చూశాడు. క్రాష్. మెమరీ పెంచి చూశాడు. క్రాష్. పేజీలో ఉన్నవాటిని ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. చివరికి ఒక పాత కుటుంబ ఛాయాచిత్రం మిగిలింది. దాన్ని తాకగానే తెర తెల్లబడింది.

"దీన్నేం చేశారమ్మా?"

"నా సొంత తెలివి కాదు సార్! ముందుగదిలో ప్రూఫులు చూస్తున్నారే పెద్ద మాస్టారు, ఈ పుస్తకం ఆయన జీవితచరిత్ర. ఫోటోలో నడుమ నిలబడ్డ కుర్రాణ్ణి తీసెయ్యమన్నారు. తీసేశాను."

ఇంజనీరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. అంచులు ఎంత కత్తిరించినా సాఫ్ట్‌వేర్ ఓర్చుకుంటోంది. నడుమ మనిషంత రంధ్రం పడితేనే కూలిపోతోంది. చిత్రాన్ని యథాతథంగా పెట్టి చూశాడు. పేజీ చక్కగా నిలిచింది.

"అలాగే ఉండనిస్తారేమో అడిగి రండి," అన్నాడు మెల్లగా. "ఈ క్షణమే అచ్చుకు పంపెయ్యవచ్చు."

"మీరే అడగరాదూ? ఆయనేం కరవరు."

"నాకిక్కడ పనుంది. మీరు వెళ్ళండి."

ఆమె వెళ్ళింది. చెక్క అడ్డుగోడ అవతల కంచు మోగినట్టు జవాబు వచ్చింది.

"వాడు ఉండేటట్టయితే నాకు పుస్తకమే అక్కర్లేదు! మీకు చేతకాకపోతే చెప్పండి, ఇంకో ప్రెస్సు చూసుకుంటాను."

ఆమె మొహం వేలాడేసుకుని వచ్చింది. "విన్నారుగా?"

"విన్నాను."

ల్యాప్‌టాప్ తెరిచి, వేల వరుసల కోడ్‌లో వెతుక్కుంటూ పోయాడు. తప్పు దొరికింది. బొమ్మ చుట్టూ గీత ఉంటుందనుకున్నాడే గాని, లోపల మరో గీత ఉండవచ్చునని రాసేటప్పుడు ఊహించలేదు. మూడు వరుసలు దిద్దితే చాలు. రెండు దిద్దాడు. మూడోదాని దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"సార్, మూడూ నలభై!"

దిద్దాడు.

నలభయ్యొకటో పేజీ నిలిచింది. నడుమ తెల్లని ఖాళీతో ప్రింటరులోంచి వెచ్చగా బయటికి వచ్చింది. ఆమె దాన్ని పట్టుకుని ముందుగదికి పరుగెత్తింది.

"శభాష్! ఆ ఇంజనీరుబాబును ఇలా రమ్మను తల్లీ, దీవిస్తాను." ఇందాకటి కంఠమే, ఇప్పుడు తేనె ఊరుతోంది.

ఆమె వెనక్కి తొంగి చూసింది. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు.

"రాలేడా? పోనీ, ఇక్కణ్ణుంచే అంటున్నాను. ఈ పుస్తకాన్ని కూర్చినవారికీ, దిద్దినవారికీ, చదివినవారికీ, విన్నవారికీ సర్వశుభాలూ కలుగుగాక!"

వెనక గుమ్మం దగ్గర, ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకున్న ఆ ఫోటోలోని కొడుకు అడ్డుగోడ వైపు తిరిగి, తండ్రి దీవెనకు తల వంచి, చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయాడు.