నాలుగు వారాల కటింగు

"ఓబుళమ్మా, చచ్చిపోతాండా!" అంటూ పాపన్న కడుపు పట్టుకుని గడపలోనే చతికిలబడ్డాడు. అయినా జీతం మాత్రం భార్య చేతికందించాడు. ఉరవకొండ శనక్కాయల మిల్లులో వారం కూలి పోయి, మొదటిసారి నెల జీతమిచ్చిన రోజది.

"రెండు రూపాయలు తక్కువుండాదే?"

"సర్కారు కటింగు మే. వారం వారం అర్ధరూపాయి కోస్తాండిరి గదా? ఇప్పుడు నాలుగు వారాలదీ ఒకేసారి కోసినారు."

రెండేళ్లుగా చెబుతున్న అబద్ధమే కాబట్టి నోరు తడబడలేదు. కడుపే అడ్డం తిరిగింది.

ఓబుళమ్మ వాము నీళ్లు తెచ్చింది. "నాలుగు వారాల ఉగ్గాని, బజ్జీలు ఒక్కపూటే తింటే ఏ కడుపు మోస్తాదప్పా?"

పాపన్న చటుక్కున తలెత్తాడు. "నీకెట్ల తెలుసు?"

"కటింగు పడిన ప్రతి శనివారమూ నీ మీసాలకు బజ్జీల నూనే గదా!"

"మరి ఎప్పుడూ అడగలేదే?"

"ఎప్పుడో ఒకరోజు నాకూ రెండు బజ్జీలు కట్టించుకోనొస్తావేమోనని చూస్తి." ఆమె గ్లాసు అతని చేతిలో పెట్టింది. "ఇంక చూసేది లేదు. వచ్చే నెల జీతం రోజు మిల్లు గేటు కాడికే వస్తా. కటింగులో సగం నేను తింటా."