పికెట్ ఎత్తేసే ముందు

"ఇవాళైనా చాయ్ డబ్బులు తీసుకో, చాచీ," అంటూ బిశ్రామ్ నోటును బల్ల మీద పెట్టాడు.

రజియా దాన్ని మళ్లీ అతని వైపే జరిపింది. ఎన్నికల గొడవల్లో రెండు పార్టీలవాళ్లూ తలలు పగలగొట్టుకున్నాక, మాచర్లలోని ఆ వీధికి కేంద్ర బలగాలను కాపలా పెట్టారు. ఆమె చాయ్ కొట్టు ఎదుటే పికెట్. ఝార్ఖండ్ నుంచి వచ్చిన ఈ జవాను హిందీకి ఆమె ఉర్దూ సరిపోయింది. నెలన్నరగా రోజూ వచ్చి నాలుగు మాటలు చెప్పి పోతున్నాడు.

"ఏమే, నీ చాయ్ రుచి మరిగి ఈళ్లు ఊరొదిలి పోవట్లేదంటన్నారు జనం," అంది పక్కింటి రోశమ్మ, గ్లాసు అందుకుంటూ.

రజియాకు నవ్వు రాలేదు. అసలు కారణం వీధిలో అందరికీ తెలుసు. పికెట్ ఎత్తేస్తామన్న ప్రతిసారీ, ముందురోజు సోదాల్లో ఏదో ఒక గోడవారన రాళ్లు నింపిన గోనెసంచి దొరుకుతోంది. ఇప్పటికి మూడు దొరికాయి. మూడుసార్లూ గడువు పెరిగింది, జవాన్ల సెలవులు రద్దయ్యాయి.

బిశ్రామ్ ఫోనులో ఫొటో చూపించాడు. మంచం మీద అతని తండ్రి. పక్షవాతంతో మాట పడిపోయిందనీ, ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారనీ అన్నాడు.

"రేపటి సోదాలో ఏమీ దొరక్కపోతే ఎల్లుండి రైలెక్కుతాను. అప్పటిదాకా ఉంటాడా, చాచీ?"

"ఉంటాడు, బేటా."

ఆ మాట అనే అర్హత తనకుందా అని ఆమె తనను తానే ప్రశ్నించుకుంది. దయతో ఇచ్చిన గ్లాసుకూ, క్షమించమని ఇచ్చిన గ్లాసుకూ తేడా పుచ్చుకునేవాడికి తెలియదు. ఇచ్చిన చేతికే తెలుస్తుంది. అతను తుపాకీ భుజానికి తగిలించుకుని ఎండలోకి నడిచాడు.

కొట్టు వెనక గదిలో ఆమె కొడుకు ఆదిల్ అన్నం తింటున్నాడు. ఆ గొడవల్లో అతని నుదుటికి తొమ్మిది కుట్లు పడ్డాయి. పికెట్ వచ్చిన నాటి నుంచి మాత్రం మెకానిక్ షెడ్డు నుంచి నేరుగా ఇంటికే వస్తున్నాడు.

"ఎల్లుండి మిలట్రీ పోతదంట, అమ్మీ," అన్నాడు తలెత్తకుండా. "మనోళ్లు రమ్మంటన్నారు. ఆళ్ల సంగతి తేల్చాలంట."

"పోతావా?"

"పోకపోతే ఏమనుకుంటారు?"

రజియా అతని కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి, పెరటి తలుపు తీసింది.

నాలుగో సంచికి రాళ్లు ఏరసాగింది.